నెత్తిన ఒకటిస్తే దారికొచ్చే రోజులు

మొన్న రాత్రి ఏదో రాసుకుందామని టేబుల్ మీద పెన్ను తీస్తే దానికి మూత లేదు. నా నోట్లోంచి ఒక కేక వచ్చేసింది, "ఈ పెన్ను మూత ఎవర్రా తీసిందీ?" అని. వచ్చాక నేనే ఉలిక్కిపడ్డా, ఎందుకంటే అది నా గొంతు కాదు, అచ్చంగా మా నాన్నది, ఆ "ఎవర్రా" దగ్గర విరుపూ, చివర్లో సాగదీతా అన్నీ ఆయనవే. లోపల గదిలోంచి మా అమ్మాయి "తాతయ్యా, నువ్వింకా పడుకోలేదా?" అంది. అది వేళాకోళానికి అందో నిజంగానే అనుకుందో తెలీదు గానీ నాకు మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు. నలభయ్యేళ్ళ కింద ఏ చాదస్తాన్ని చూసి నేనూ మా అక్కా దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళమో, అదిప్పుడు నా ఒంట్లో వచ్చి సెటిలైపోయింది, కనీసం తలుపు కూడా కొట్టకుండా.

నాన్న చిరాకులకి ఒక లిస్టు ఉండేది. రాసిపెట్టిన లిస్టు కాదు, ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన లిస్టు. పెన్ను మూత ఒకటి. కత్తెర తీసిన చోట పెట్టకపోవడం ఒకటి. మనిషి లేని గదిలో ఫ్యాను తిరగడం. తలుపు సగం వేసి సగం వదిలేయడం ("వేస్తే వెయ్యి, తీస్తే తియ్యి, ఈ మధ్యరకం ఏంటి?"). ఎవరైనా మాట్లాడుతూ మాట్లాడుతూ "చెప్తా, చెప్తా" అని చెప్పకపోవడం. వీటన్నిటికీ పైన న్యూస్‌పేపరు. పొద్దున్నే ఆయన కంటే ముందు పేపరు ఎవరూ విప్పకూడదు. మేం ఆటల పేజీ కోసం ముందే లాగేసి, చూసేసి, మళ్ళీ పేజీలన్నీ వరసలో పెట్టి, అంచులు కలిపి, మడత మీద అరచేత్తో రెండుసార్లు రుద్ది, గుమ్మంలో ఎలా పడుందో అలాగే పడేసి వచ్చి పుస్తకాల ముందు కూర్చునేవాళ్ళం. నాన్న వచ్చి పేపరు చేతిలోకి తీసుకోగానే ఆగిపోయేవారు. విప్పకముందే తెలిసిపోయేది ఆయనకి. ఎలా తెలిసింది నాన్నా అని ఒకసారి అక్క ధైర్యం చేసి అడిగితే "ఉబ్బింది" అన్నారు. ఒక్కటే మాట. తర్వాత నేను పరీక్షగా చూశా, నిజమే, ఒకసారి విప్పిన పేపరు మళ్ళీ ముందులా పడుకోదు, మడతలో కాస్త గాలి ఉండిపోతుంది, ఎంత రుద్దినా పోదు. ఆయన ఆ గాలిని పట్టుకునేవారు.

అప్పట్లో నాన్నని చూస్తే మాకు అనిపించేది ఒక్కటే, ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతం అవసరమా అని. పెద్దయ్యాక మనం మాత్రం ఇలా ఉండకూడదు అని నేనూ అక్కా ఒట్లు కూడా వేసుకున్నాం. ఆ ఒట్టు సంగతి ఇప్పుడు అక్క దగ్గర ఎత్తితే ఫోన్ పెట్టేస్తుంది, ఎందుకంటే వాళ్ళింట్లో చార్జర్ పెట్టిన చోటు నుంచి ఎవరైనా కదిపితే ఆవిడ చేసే గోల నాకు తెలుసు.

అయితే నాన్న చిరాకులో ఒక సుఖం ఉండేది, అది అప్పుడు మాకు అర్థం కాలేదు. మా ఇంట్లో పెద్ద చెక్కపెట్టెలాంటి బ్లాక్ అండ్ వైట్ టీవీ ఒకటుండేది. సరిగ్గా అసలైన సీను వచ్చేసరికి దాంట్లో బొమ్మ పైకి పాకడం మొదలెట్టేది, మనుషుల కాళ్ళు పైన, తలలు కింద, మధ్యలో ఒక నల్లపట్టీ. నాన్న రెండు నిమిషాలు ఓపిక పట్టేవారు, మూడో నిమిషం గొణిగేవారు, ఆ తర్వాత లేచి, చొక్కా చేతులు పైకి మడిచి, టీవీ పక్కన ఒక కోణంలో నిలబడి, కుడివైపు వెనక మూల మీద అరచేత్తో ఒక్కటిచ్చేవారు. మరీ గట్టిగా కాదు, అలాగని మెత్తగానూ కాదు. బొమ్మ టక్కున నిలబడిపోయేది, క్లాసులోకి హెడ్మాస్టారొచ్చినట్టు. అదే దెబ్బ మేం కొడితే పనిచేసేది కాదు. అమ్మ కొడితే ఉన్న బొమ్మ కూడా పోయేది. నాన్న వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాక ఆయన మొహంలో ఒక ప్రశాంతత ఉండేది చూడండి, కోపమంతా అరచేతిలోంచి దిగి టీవీలోకి వెళ్ళిపోయినట్టు.

చాలా ఏళ్ళ తర్వాత రిపేర్లు చేసే ఫ్రెండ్ ఒకడు చెప్పాడు. లోపల బోర్డు మీద టంకం అతుకులుంటాయి కదా, అవి వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి కంటికి కనపడనంత సన్నగా చిట్లుతాయిట, కనెక్షన్ల మీద తుప్పులాంటి పొర కూడా పడుతుందిట, దెబ్బ తగిలితే ఆ కాస్త కదిలి మళ్ళీ అంటుకుని కాసేపు కరెంటు పారుతుందిట. అంటే నాన్న కోపం ఉత్త కోపం కాదు, వైద్యమే. తాత్కాలికమే అనుకోండి, కానీ సినిమా అయిపోయేదాకా సరిపోయేది.

డయల్ ఫోన్ కూడా అంతే. ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు, ఒక్కో అంకెకి వేలు పెట్టి తిప్పి వదిలితే ఆ చక్రం కరకరమంటూ వెనక్కి వచ్చేదాకా ఆగాలి. ఒకటి తిప్పితే లైన్లో ఒక చిన్న తెంపు, రెండు తిప్పితే రెండు, సున్నాకైతే పది. సెకనుకి సుమారు పది తెంపుల స్పీడు. కాబట్టి తొమ్మిదులూ సున్నాలూ ఎక్కువున్న నంబరు గలవాళ్ళతో నాన్నకి స్నేహం కాస్త తక్కువే ఉండేది, నిజంగా చెప్తున్నా. అన్ని అంకెలూ తిప్పి, ఆఖరి అంకె దగ్గర వేలు జారితే మళ్ళీ మొదటికి. ఆయన పళ్ళు కొరుక్కుంటూ రిసీవర్ ఠప్పున పెట్టేసేవారు. ఆ ఠప్పుమనడం ఉంది చూశారూ, దాంట్లో ఎంత తృప్తి ఉండేదో. ఇప్పుడు ఫోన్లో ఎవడి మీదైనా ఒళ్ళు మండితే ఏం చేస్తాం, గాజుపలక మీద ఎర్ర గుండ్రం దగ్గర బొటనవేలు సుతారంగా ఆనిస్తాం. అవతలివాడికి మనం కోపంగా పెట్టేశామో సిగ్నల్ పోయిందో కూడా తెలీదు. "హలో, కట్టయినట్టుంది" అని వాడే మళ్ళీ చేస్తాడు.

ఆ డయల్‌కి నాన్న తాళం వేసేవారు, మేం ఊరికే ఫోన్లు చేస్తున్నామని. మేం రిసీవర్ పెట్టే చోటున్న మీటని అంకె ఎంతో అన్నిసార్లు టకటకా నొక్కి తాళం తీయకుండానే ఫోన్ చేసేవాళ్ళం. చక్రం చేసే తెంపుల పనే అది కూడా చేస్తుంది. ఈ రహస్యం నాన్నకి మొన్నమొన్నే చెప్పా. ఆయన కాసేపు నా వంక చూసి "నాకు తెలుసు" అన్నారు. తెలిసుండదు. అయినా అలాగే అంటారు.

ఇక క్యాసెట్ల గురించి ఎక్కువ చెప్పను, అందరూ చెప్పిందే, పెన్సిలూ చుట్టడమూ. కానీ టేపు ప్లేయర్‌లో చిక్కుకున్నప్పుడు దాన్ని బయటికి లాగడంలో నాన్నకున్న ఓపిక మాత్రం చెప్పాలి. పెన్ను మూత పోతే ఇల్లు పీకి పందిరేసే మనిషి, నేలమీద బాసింపట్టు వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించి, ఆ గోధుమరంగు రిబ్బన్‌ని ఒక్కో మడతా విప్పుతూ అరగంట కూర్చునేవారు. ఎక్కడైనా తెగితే బ్లేడుతో ఏటవాలుగా కోసి, సన్నని టేపు ముక్కతో అతికించి, గోరుతో గీకి చూసేవారు. తర్వాత ఆ పాట విన్నప్పుడల్లా అతుకు దగ్గర ఒక అక్షరం మింగేసేది. ఇప్పటికీ నాకా పాట ఆ అక్షరం లేకుండానే వస్తుంది, ఎక్కడైనా పూర్తిగా వినిపిస్తే తప్పు పాడుతున్నారనిపిస్తుంది.

చిక్కులంటే గుర్తొచ్చింది, ఇయర్‌ఫోన్ వైర్లు. జేబులో చక్కగా చుట్టి పెట్టుకుంటాం, బయటికి తీసేసరికి పిచ్చుకగూడు. నేనెప్పుడూ ఇది నా చేతకానితనమే అనుకునేవాణ్ణి, ఇంట్లోవాళ్ళు కూడా అదే అభిప్రాయంతో ఉండేవాళ్ళు. కాదుట. 2007లో రేమర్, స్మిత్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పెట్టెలో తాడు వేసి గిరగిరా తిప్పి చూశారు, ఒకసారి కాదు, 3,415 సార్లు. సెకన్లలోనే ముళ్ళు పడ్డాయి, అందులో 120 రకాల ముళ్ళు లెక్క తేలాయి. తాడు అర మీటరు లోపుంటే ముడి పడలేదుట, అంతకు మించితే పొడుగుతో పాటు ముడిపడే అవకాశం గబగబా పెరిగి, నూటికి నూరు కాకముందే ఒకచోట ఆగిందిట. వాళ్ళకి మరుసటేడు ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చేది. 3,415 సార్లు! నాన్న అయితే ఒక్కో ముడీ విప్పేవారు కూడా.

ఇప్పుడు నా సంగతికి వస్తా. నా చిరాకులకీ ఒక లిస్టు తయారైంది, అది నాన్న లిస్టు కంటే పొడుగు. మెసేజ్‌లో "హాయ్" అని పెట్టి ఊరుకునేవాళ్ళు, మనం "ఆ చెప్పండి" అన్నాక రెండు గంటలకి "ఏం లేదు ఊరికే" అనేవాళ్ళు. ఒక్క మాటలో అయిపోయేదానికి నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టి అందులో మొదటి నిమిషం దగ్గేవాళ్ళు. అర్జెంటుగా పని ఉన్నప్పుడే అప్‌డేట్ అవుతానని కూర్చునే కంప్యూటరు. తలుపు తీసి పెట్టినందుకు ఒకటి, బట్టలు ఉతకడం అయిపోయినందుకు ఒకటి, ఏమీ కాకపోయినా ఒకటి, ఇంట్లో ప్రతి మిషనూ కుయ్యిమనడం, ఏది కూసిందో వెతుక్కుంటూ నేను గది గదికీ తిరగడం.

ఇంక రైల్లో పక్క సీటువాడి ఫోన్. ఇది మాత్రం కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇద్దరు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటే నాకేం ఇబ్బంది లేదు, హాయిగా నిద్రపోగలను. అదే ఒక్కడు ఫోన్లో "ఆ... లేదు లేదు... అదెప్పుడూ?... ఛ!... మరి వాళ్ళేమన్నారూ?" అంటుంటే నిద్ర కాదు కదా పుస్తకంలో ఒక్క వాక్యం ముందుకి సాగదు. ఇది నా బుద్ధి వంకర అనుకున్నా చాలాకాలం, పరాయివాళ్ళ గొడవలంటే చెవులు రిక్కించే రకం అని. 2010లో కోర్నెల్ యూనివర్సిటీలో లారెన్ ఎంబర్సన్, ఇంకొందరు కలిసి సరిగ్గా దీన్నే పరీక్షించారు. మనుషుల చేత శ్రద్ధగా చేయాల్సిన పని చేయిస్తూ ఒకసారి ఇద్దరి సంభాషణ వినిపించారు, ఒకసారి ఒక్కళ్ళే చెప్పుకుపోతున్న మాటలు, ఒకసారి ఫోన్లోలాగా సగం సంభాషణ. పని చెడింది ఆ సగం సంభాషణ దగ్గరే. మిగతా సగం ఏమై ఉంటుందా అని బుర్ర దానంతటదే పూరించుకోబోతుందిట, మనం వద్దన్నా ఆగదుట. ఇది చదివాక నాకు కొంత ఊరట. కానీ అసలు సమస్య తీరలేదు, ఎందుకంటే మొన్న ప్రయాణంలో ఒకాయన "అయితే ఆ డబ్బా సంగతి ఆవిడకి తెలిసిపోయిందన్నమాట" అని దిగిపోయాడు. ఏ డబ్బా? ఎవరావిడ? పదిహేను రోజులైంది, ఇంకా అడుగుతూనే ఉంది నా బుర్ర.

అదలా ఉంచితే నాకు తేలిందేమిటంటే, నా చిరాకుకి కొట్టడానికి వెనక మూల లేదు. అదీ తేడా. నాన్నకి పేపరు ఉబ్బితే ఎదురుగా మేం ఉండేవాళ్ళం, తిట్టేవారు, మేం తల వంచుకునేవాళ్ళం, పది నిమిషాల్లో అయిపోయేది. టీవీ మొరాయిస్తే ఒకటి తగిలించేవారు. నాకు పాస్‌వర్డ్ దగ్గర అరికాలి మంట నెత్తికెక్కితే ఎవర్ని కొట్టాలి? ఎనిమిదక్షరాలుండాలి, ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు, పోయినసారి పెట్టింది పెట్టకూడదు, మూణ్ణెల్లకోసారి మార్చాలి, మార్చి లోపలికెళ్ళబోతే తప్పు అంటుంది, మర్చిపోయాను అని నొక్కి కొత్తగా అదే పెడితే "ఇది మీ పాత పాస్‌వర్డ్" అంటుంది. మరి ఇందాక తప్పన్నావు కదే!

ఒకరోజు రాత్రి ఆ మంటలోనే, ఈ రూలు పెట్టినవాడెవడో తెలుసుకుని వాణ్ణి మనసారా తిట్టుకుందామని వెతకడం మొదలెట్టా. దొరికాడు. బిల్ బర్ అని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్.ఐ.ఎస్.టి.లో పనిచేసిన పెద్దాయన, 2003లో రాసిన ఒక గైడులో ఈ అంకెలూ గుర్తులూ, తరచూ మార్చడాలూ అన్నీ ఉన్నాయి. భేష్, దొరికాడురా అనుకుని ఇంకాస్త చదివితే ఏముంది, 2017లో ఆయనే పేపరువాళ్ళతో అప్పుడు చెప్పినదాంట్లో చాలామటుకు తప్పే, బాధపడుతున్నాను అనేశాడు. ఆ ఏడే ఆ సంస్థ రూల్సు కూడా మార్చేసింది, గుర్తులక్కర్లేదు, ఊరికే మార్చక్కర్లేదు, పొడుగ్గా ఉంటే చాలని. సారీ చెప్పేసిన ముసలాయన్ని ఎలా తిట్టను? మర్నాడు నాన్నకి చెప్తే "పద్నాలుగేళ్ళు పట్టిందా సారీ చెప్పడానికి?" అన్నారు.

సరే అసలు కంప్యూటర్లకి పాస్‌వర్డే పెట్టినాయన్ని పట్టుకుందామని ఇంకా వెనక్కి వెళ్ళా. 1960ల మొదట్లో ఎమ్.ఐ.టి.లో ఒకే కంప్యూటర్‌ని చాలామంది వాడుకునే పద్ధతి తెచ్చిన ఫెర్నాండో కోర్బటో. ఆయన కూడా చివరి రోజుల్లో ఇదొక పీడకలలా తయారైందని ఒప్పుకున్నాడు. ఇందులో ఇంకో తమాషా ఉంది. 1962లోనే అక్కడి స్టూడెంట్ ఒకడు, ఆలన్ షెర్ అని, తనకిచ్చిన కంప్యూటర్ టైం చాలక పాస్‌వర్డుల ఫైలు మొత్తం ప్రింటు తీయించుకుని వేరేవాళ్ళ ఖాతాల్లో దూరాడు. పుట్టిన కొత్తల్లోనే దొంగతనం. అచ్చం మా డయల్ ఫోన్ తాళమే. ఆ కుర్రాడి మీద మాత్రం నాకు కోపం రాలేదు.

ఇక అది ఒక వ్యసనంలా పట్టుకుంది. ప్రతి చిరాకుకీ కారకుణ్ణి వెతకడం. చదువుతుంటే ఎగిరొచ్చి మొహం మీద పడే ప్రకటనల కిటికీలు ఎవడి పనిరా అంటే ఈథన్ జుకర్‌మన్, 1990ల్లో ఆ కోడ్ రాసినవాళ్ళలో ఒకడు, 2014లో ఒక వ్యాసం రాసి మరీ క్షమించమన్నాడు. ఎంత కిందికి లాగినా అయిపోని పేజీ, రాత్రి పదకొండింటికి ఒక్కసారి చూద్దామని మొదలెడితే ఒంటిగంటయ్యేది, అది 2006లో తయారుచేసిన ఆజా రాస్కిన్ కూడా ఆ పనికి పశ్చాత్తాపపడుతున్నానని చాలాచోట్ల చెప్పాడు. యూఎస్‌బీ సంగతి తీసుకోండి, ఒకవైపు పెడితే దూరదు, తిప్పితే దూరదు, మళ్ళీ మొదటివైపు తిప్పితే దూరుతుంది, ఇది నా ఒక్కడికే జరుగుతోందేమో అని చాలాకాలం ఎవరికీ చెప్పలేదు కూడా. 1996లో అది బయటికొచ్చినప్పుడు ఇంటెల్‌లో ఆ టీమ్‌ని నడిపిన అజయ్ భట్, ఈ తిప్పుడు చిరాకు మాకూ తెలుసు, రెండువైపులా దూరేలా చేస్తే వైర్లూ సర్క్యూట్లూ రెట్టింపై ఖర్చు పెరుగుతుందని మానేశాం అని వివరంగా చెప్పాడు. ఎటు పెట్టినా దూరే టైప్-సి రావడానికి 2014 దాకా ఆగాల్సొచ్చింది. ఇందులో తప్పు పట్టడానికేముంది, పాపం చక్కగా ఒప్పుకుంటే?

అంటే చూడండి నా పరిస్థితి. నాన్న కోపానికి మేం దొరికేవాళ్ళం. నా కోపం పట్టుకుని నేను ఊరంతా తిరిగి ఎవరింటి తలుపు కొట్టినా, వాళ్ళు అప్పటికే గుమ్మంలో నిలబడి సారీ చెప్పేసి ఉన్నారు. కోపం మాత్రం నా చేతిలోనే ఉండిపోయింది, ఎవరూ తీసుకోని పార్శిల్లా. అందుకే అదెళ్ళి పెన్ను మూత మీద పడుతోందేమో.

ఇందులో నాకు అస్సలు మింగుడుపడని విషయం ఇంకోటుంది. నాన్న ఇప్పుడు మా దగ్గరే ఉంటారు, ఎనభై దాటాయి. ఆయనకి ఇవేవీ చిరాకు కాదు! పాస్‌వర్డులు డైరీ వెనకపేజీలో గుండ్రటి చేతిరాతతో రాసుకుంటారు, పక్కన తారీఖు కూడా వేసి. ఓటీపీ వస్తే కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అంకె పైకి చదువుతారు, టైం అయిపోతే "ఇంకోటి పంపించమ్మా" అంటారు ఫోన్‌తో. మనిషివేనని నిరూపించుకోమని బొమ్మలొస్తాయి కదా, ట్రాఫిక్ లైట్లున్న గడులన్నీ నొక్కమని, అక్కడ నేను పళ్ళు నూరుతుంటే ఆయన లాగేసుకుని "ఉండరా, స్తంభం లైటు కిందకి వస్తుందా రాదా?" అని నింపాదిగా ఆలోచిస్తారు. లైటు వేరు స్తంభం వేరు అని ఒకరోజు, స్తంభం లేకుండా లైటెక్కడిది అని ఇంకోరోజు. ఇదివరకు బొమ్మల బదులు వంకర అక్షరాలొచ్చేవి గుర్తుందా, 2007లో లూయిస్ వాన్ ఆన్ తెచ్చిన పద్ధతిలో రెండు పదాలు చూపించేవారు, ఒకటి కంప్యూటర్‌కి తెలిసినది, రెండోది పాత పుస్తకాలూ పేపర్లూ స్కాన్ చేసినప్పుడు దానికి అర్థంకాక వదిలేసినది. మనం రెండూ కొడితే మనకి తెలీకుండానే ఒక పాత పేపర్లో ఒక మాట చదివిపెట్టినట్టు. ఈ సంగతి చెప్తే నాన్న ఎంత సంబరపడ్డారో. "పాత పేపర్లా? అయితే నేనెన్ని చదివిపెట్టి ఉంటానో" అని. అంతలోనే అనుమానం, "ముందెవరూ విప్పని పేపర్లేనా?"

మొన్నొక రోజు ఏదో కనెక్షన్ పనిచేయక కంప్లైంటివ్వాల్సొచ్చింది. ఏ కంపెనీ అన్నది వదిలేయండి, అందరూ ఒక తానులో ముక్కలే. ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, మూడు నొక్కండి, మీ కాల్ మాకెంతో ముఖ్యం అంటూ రికార్డు గొంతు. నేను "అంత ముఖ్యమైతే ఎత్తి ఏడవచ్చుగా" అని దానిమీద అరిచా, అదేమో ఏమీ పట్టనట్టు మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టింది. నాన్న "అలా కసురుతావేంట్రా, ఇలా ఇవ్వు" అని ఫోన్ తీసుకున్నారు. ఆ రికార్డు గొంతుకి "ఆ, వింటున్నానమ్మా... మూడు నొక్కానమ్మా... అలాగేనమ్మా" అని జవాబులు చెప్తున్నారు. అది మనిషి కాదు నాన్నా, మిషను అంటే, "తెలుసురా, మాట్లాడిందైతే ఎవరో అమ్మాయే కదా" అన్నారు. నేనింకేం మాట్లాడను.

తర్వాత పాట మొదలైంది. స్పీకర్ ఆన్ చేసి ఫోన్‌ని ఒళ్ళో పెట్టుకుని వెనక్కి వాలారు. అసలిలా ఆగినవాళ్ళకి పాట వినిపించడం 1960ల్లో ఆల్ఫ్రెడ్ లెవీ అనే ఫ్యాక్టరీ ఓనరు మొదలెట్టిందంటారు, ఆయన ఫ్యాక్టరీలో ఫోన్ వైరు ఒకటి ఊడి ఇనప దూలానికి ఆనుకుంటే, దూలం ఏరియల్‌లా పనిచేసి పక్కనున్న రేడియో స్టేషన్ పాటలు ఫోన్లోకి వచ్చేశాయిట, ఇదేదో బాగుందే అని పేటెంటు తీసేసుకున్నాడు. వదులు వైరు! మా టీవీలో అలాంటిదుంటే నాన్న ఒక్కటిచ్చి సరిచేసేవారు. లెవీ పేటెంటు చేసుకున్నాడు. ఒకే సమయానికి ఎంతమంది ఫోన్లు చేస్తారో, ఎన్ని లైన్లుంటే సరిపోతాయో లెక్కకట్టే శాస్త్రం అంతకంటే పాతది, ఎర్లాంగ్ అని డెన్మార్క్ గణితవేత్త 1909లోనే మొదలెట్టాడు, కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ. అంటే ఎంతమందిని పెడితే ఎంతసేపు ఆగాలో నూరేళ్ళ పైనుంచీ వీళ్ళకి తెలుసు. తెలిసే ఆపుతున్నారు. ఈ లెక్క తట్టాక నాకు మళ్ళీ చిర్రెత్తుకొచ్చింది, గదిలో అటూ ఇటూ తిరుగుతున్నా, గడియారం చూస్తున్నా, ఇరవై నిమిషాలు, ఇరవయ్యైదు, ముప్ఫయ్. నాన్న మాత్రం కళ్ళు మూసుకుని కుర్చీ చేతిమీద వేళ్ళతో తాళం వేస్తున్నారు.

ముప్ఫయ్యెనిమిదో నిమిషంలో టక్కున నిశ్శబ్దం. లైన్ కట్టయిపోయింది.

నా చెయ్యి దానంతటదే లేచింది, ఫోన్ గోడకేసి కొట్టాలో నా నెత్తిన కొట్టుకోవాలో తెలీక గాల్లోనే ఆగిపోయింది. నాన్న కళ్ళు తెరిచి, ఫోన్ వంకా నా చెయ్యి వంకా చూశారు.

"మళ్ళీ చెయ్యరా," అన్నారు, "ఆ పాట సగంలో ఆగిపోయింది."